పులిని ఎనక నుంచి సూసినోడు

ఆదోనిలో ఎవుర్నన్నా నిలబెట్టి పులి ఎవురప్పా అని అడగండి. అడివి పేరు సెప్పరు, ఇమాం సాబ్ అంటారు. పీర్ల పండగొచ్చిందంటే మా ఇమామన్న ఒంటి నిండా పసుప్పచ్చ రంగు, దాని మీద నల్ల సారలు పూయించుకోని, నడుముకు గజ్జెల పట్టీ, దానికి బారెడు తోక కట్టుకోని తప్పెట్ల మధ్యన దిగుతాండె. సంకలో బిడ్డలు ఏడుపు ఎత్తుకుంటాండ్రి. ముసలోళ్లు దండం పెడతాండ్రి. అట్ల ముప్పై ఐదేండ్లు ఆడినాడు. పండగ అయిపోతే మా పులి పరుపులు కుట్టుకునేది. దూది ఏకి, గలీబులో కూరి, సూది దారం పట్టుకోని సంసారం ఈదేది. దానికి మాత్రం ఎవురూ దండం పెట్టలా.

పులన్నాక నడుముకు తాడుండాల. తాడు లేకుంటే జనం మీద పడి కరుస్తాదని లెక్క. ఆ తాడు కొస పట్టుకోని ఎనక నిలబడేదానికి ఒక మనిషి ఉండాల. ఇరవై రెండేండ్లు ఆ కొస పట్టుకున్నోడే మా ఆయప్ప. పేరు ఉరుకుందు. అట్లాంటి పేరు ఒకటి ఉండాదని నాకు, రేషన్ కార్డుకు తప్ప ఇంకెవురికీ తెల్దు. ఊరికంతా తాడోడు. నేను తాడోడి పెండ్లాం. ఎమ్మిగనూరులో మగ్గం మీద పుట్టి పెరిగిన దాన్ని, ఉచ్చీరమ్మ అని మా అవ్వ ఎంతో ముద్దుగా పెట్టిన పేరు, పెండ్లి చేసుకోని ఆదోనికి వచ్చినాక తాళ్ల పాలాయె.

పులి ఆట అయిపోయినాక జనం షర్బత్ గ్లాసులు తెచ్చి ఇమామన్న సుట్టూ మూగుతారు. ఎవురో ఒకరు అడుగుతారు, "సాబన్నా, ఎనక తాడు పట్టిండేది ఎవురు?" అని. ఇమామన్న మూతి తుడుసుకోని నగి, "తాడుదేముందప్పా, ఎవురైనా పట్టుకుంటారు" అంటాడు. పాపం, సెడ్డ మనసుతో అనే మాట కాదు. నోటికి అలవాటైపోయిన మాట. మా ఆయప్ప అప్పుడు పక్కనే తాడు సుట్టుకుంటా ఉంటాడు. ఇంటికొచ్చి కంచం ముందర కూసోని సంగటి కెలుకుతాడు. కడుపు నొప్పా అంటే ఏంల్యా అంటాడు. నొప్పి యాడుండాదో నాకు తెలీదా? ఇరవై రెండేండ్లు సూస్తాండాను.

అసలు సంగతి ఏందంటే, ఆ పులిలో సగం మా ఆయప్పే. ఈ మాట ముగ్గురికే తెలుసు.

పదో దినం, పీర్లు నీళ్లకు పోయే ముందర, ఎమ్మిగనూరు పీర్ల సావిడి కాడ పులి నిమ్మకాయ తీయాల. ఇమామన్న తల్లిది ఎమ్మిగనూరు, ఆయమ్మ మొక్కుకున్న మొక్కు అది. అందుకే ఆదోనిలో ఎన్ని దినాలు ఆడినా నిమ్మకాయ మాత్రం ఆడనే. నేల మీద నిమ్మకాయ పెడతారు. పులి దానికి ఈపు పెట్టి నిలబడి, తాడు పట్టినోడి పక్క తిరిగి, ఎనక్కి వంగి, చేతులు నేలకు తగలకుండా పండ్లతో నిమ్మకాయ అందుకోని లేయాల. వయసులో ఉన్నప్పుడు ఇమామన్న విల్లు మాదిరి వంగుతాండె. ఆరేండ్ల కింద ఆటో మీదికి పరుపు ఎక్కిస్తా జారిపడి నడుము పట్టేసె. అప్పట్నుంచి నమాజు గూడ కుర్చీలో కూసోనే సేస్తాడు. మరి నిమ్మకాయ ఎట్ల తీసినాడు? మా ఆయప్ప మడమలు నేలలో దిగేసి, నడుముకు కట్టిన తాడును జానా జానా వదుల్తా, బాయిలోకి కడవ దించినట్ల పులిని దించేది. అందుకున్నాక మళ్ల అట్లే పైకి లాగేది. జనమేమో పులి ఎగిరి దూకుతుంటే తాడోడు ఆపుతాండాడు అనుకోని ఈలలు ఏస్తాండ్రి. ఆపేది కాదు నాయనా, మోసేది! ఆ పొద్దు ఇంటికొచ్చినాక అరిసేతులకు వెన్న పూసేది నేను గద, నాకు తెలుసు.

ఈ ఏడు డాక్టరు ఇమామన్నకు గట్టిగా సెప్పేసినాడు. ఇంగొకసారి ఎనక్కి వాలితే మంచానికే అని. కొడుకు యాసర్‌ను పులి యేషం కట్టుకోమని అడిగినారు. సెల్లు ఫోన్ల కవర్లు అమ్మే అంగడి ఆ పిల్లోనిది. పిల్లోడంటే ముప్పై దాటినాయి. రంగు పూసుకుంటే ఒళ్లు దద్దుర్లు వస్తాయంట, స్కిన్ అలర్జీ అంట. పులి కడుపున పుట్టి రంగు పడదన్నాడు, పోనీ. సావిడిలో పీర్లను సూసుకునే ముజావర్ పెద్దాయన ఇంగేం సేస్తాడు? "పట్టీ, తోక తెచ్చి సావిడిలో మేకుకు తగిలించండి, దండం పెట్టుకుంటాం" అనె. ఇమామన్న సిన్న బిడ్డ మాదిరి ఏడ్సినాడంట. నా తల్లి మొక్కు నా కండ్ల ముందరే ఆగిపోతాందే అని.

మా ఆయప్ప ఆ పొద్దు సావిడిలో తాడు ఇచ్చేసి వచ్చేదానికి పోయినాడు. పోయినోడు ఊరికే ఉంటాడా? "పులి నేను కడతా" అన్నాడంట.

అందరూ నగినారు. నగినా ముజావర్ మాత్రం మంచోడు, ఒక షరతు పెట్టినాడు. పదో దినం నిమ్మకాయ తీస్తే పులి ఉంటాది. చెయ్యి నేలకు తగిలిందా, తోక మేకుకు.

ఇంటికొచ్చి ఈ ఘనకార్యం సెప్పినాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కె. "నలభై ఆరేండ్లకు పులైతావా? పులిని సూసి నక్క వాతలు పెట్టుకున్నట్ల ఉండాది నీ యవ్వారం. ఎమ్మిగనూరంటే నా పుట్టిల్లు. అందరి ముందర వెల్లకిలా పడితే మా వదినె మహాదేవి మళ్ల పండగ దాకా నగుతాది. నేను తల యాడ పెట్టుకోవాల?" అని ఎడాపెడా దులిపినాను. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నగినందుకు అన్నారే, నాకు వదినె.

ఆయప్ప అంతా ఇని, గోడకు ఆనుకోని కూసున్నాడు. "ఉచ్చీరీ, ఎవురైనా పట్టుకుంటారన్న మాట ఒక్కసారి తప్పని సూపించల్లనే. తాడు కాడ ఉండి ఎంత సూపించినా ఎవురికీ కనపళ్లేదు. పులి కాడ నిలబడితేనన్నా ఇంటారేమో" అన్నాడు. ఇరవై రెండేండ్లలో ఆయప్ప నోట్లోంచి అంత పొడుగు మాట రాలేదు. సరే సావు, నీ ఖర్మ అని ఒప్పుకున్నాను. మా ఇంట్లో అనుమతి అంటే అంతే.

మర్సటి పొద్దున మిద్దె మీద ఆడి సూపించినాడు. నాకు ఈపు పెట్టి మొదలుపెట్టె. అబ్బబ్బ! ఏం సెప్పేది! నడుము ఊపితే ఇమామన్నే. తోక ఇసిరితే ఇమామన్నే. కాలి మడమ లేపే కాడ, భుజం కుదిపే కాడ, ఏమన్నా తేడా ఉండాదా అని కండ్లు చిట్లించి ఎతికినా దొరకలా. నేను నోరు తెరుసుకోని సూస్తాండాను. అప్పుడు ఇటు పక్క తిరిగినాడు.

ముఖం సూస్తే రేషన్ బియ్యానికి లైన్లో నిలబడిన మనిషి. చేతులు రెండూ పక్కన ఏలాడతాండాయి. నాలిక లేదు, గుడ్లు ఉరమడం లేదు, పంజా లేదు. ఎనక పులి, ముందర తాడోడు.

"ఏంది సామీ, ముఖానికి ఏం రోగమొచ్చె?" అన్నాను.

"ముందర ఎట్లుంటాదో నాకేం తెలుసు? నేనెప్పుడన్నా సూసిన్నా?" అన్నాడు.

నేను కింద కూలబడి నగినాను. పొట్ట పట్టుకోని నగినాను. నగి నగి ఉన్నట్టుండి ఏడుపొచ్చె. నిజమే గద! ఎప్పుడూ పులికి ఎనకే నిలబడిన మనిషి. ఏడాదికొకసారి నిమ్మకాయ కాడ పులి ఇటు తిరిగినా, వెంటనే ఎనక్కి వాలుతాది, కనపడేది పొట్ట, గడ్డం. ఊళ్లో సంకలో బిడ్డ గూడ సూసిన పులి ముఖాన్ని, ఆ పులిని మోసినోడు సూడలా. పోనీ ఇమామన్నను అడుగుదామా అంటే, ఆయప్ప ముఖం ఆయప్పకు కనపడి ఉంటాదా? ఇమామన్నా సూడలా.

సూసింది నేను. ప్రతి ఏడూ ఆడోళ్ల పక్క ముందర వరసలో నిలబడి సూసినాను. అందుకని సీర కుచ్చిళ్లు ఎగదోపి, పొద్దున్నే మిద్దె మీద నేనే పులినై నాలిక బయట పెట్టి, పంజా ఇసిరి, గాండ్రించి సూపించినాను. పక్కింటి మిద్దె మీద వడియాలు పెట్టే ముసలామె ప్లేటు వదిలేసి కిందికి పరిగెత్తె. సాయంత్రానికి వీధి వీధంతా ఉచ్చీరమ్మకు గాలి సోకిందంట. సోకనీ. వారం దినాలకు మా ఆయప్ప ముఖం పిల్లి దాకా వచ్చె. ఇంగో నాలుగు దినాలకు పులి.

ఇంగ తాడు. తాడెవురు పట్టల్ల? యాసర్ ముందుకొచ్చినాడు. రంగు పడదు గాని తాడు పడతాదంట. జిమ్ముకు పోతాడు, దండచేతులు సూస్తే గుమ్మడికాయలే. మా ఆయప్ప కూసోబెట్టుకోని ఓపిగ్గా సెప్పినాడు. "అప్పా, కండ బలం కాదు. పులి ఊపిరి ఇనల్ల. ఊపిరి వదిలినప్పుడు జానెడు వదలల్ల, పట్టినప్పుడు ఆగల్ల" అని. యాసర్ ఫోను సూస్కుంటానే తలూపి, "తాడుదేముంది చిన్నాయనా, ఎవురైనా పట్టుకుంటారు" అనె. ఆ మాట వాళ్లింట్లో ఉగ్గుపాలతో పోసినారేమో.

పదో దినం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కినాం. మా అన్న ఇంట్లో, మగ్గం గుంత పక్కనే కూసోబెట్టి రంగు పూసినారు. మహాదేవి వదినె టీ తెచ్చి, "ఏం అన్నా, తాడు సొరగానికి పోయి పులై పుట్టిందా?" అని మూతికి కొంగు అడ్డం పెట్టుకునె. నేను పండ్లు కొరుక్కోని సారలు దిద్దే పనిలో పడినాను.

మాపటేలకు పీర్లు లేసినాయి. తప్పెట్లు అందుకున్నాయి. ఇమామన్నను తెచ్చి సావిడి ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూసోబెట్టినారు. మా ఆయప్ప దిగినాడు. పంజా ఇసిరి, గుడ్లు ఉరిమి, నాలిక సాపి ఒక్క గాండ్రు పెట్టినాడు సూడండి, ముందర వరసలో మూడు బిడ్డలు ఒకేసారి కెవ్వుమన్నాయి. నాకు కడుపు నిండిపాయె. మధ్య మధ్య ఎనక్కి తిరిగి తాడు సరిగ్గా ఉందా లేదా అని సూస్కుంటా ఉండె. పులి తన తాడు తాను సూస్కోవడం లోకంలో యాడా లేదు. జనం అదీ ఆటే అనుకునిరి.

నిమ్మకాయ పెట్టినారు. తప్పెట్లు ఆపినారు. మా ఆయప్ప నిమ్మకాయకు ఈపు పెట్టి, తాడు పక్క తిరిగి, చేతులు బార్లా సాపి ఎనక్కి వంగ సాగినాడు. యాసర్ తాడు పట్టిండాడు. ఒక చేత్తో. ఇంగొక చేతిలో ఫోను పైకెత్తి లైవ్ ఇస్తాండాడు!

సగం దిగినాక తాడు జారె. జానెడు కాదు, మూరెడు. మా ఆయప్ప ఒక్కసారిగా కిందికి వాలె. కుడి చెయ్యి తనంతట తానే నేల పక్క పోతాండాది. ఇంగ నాలుగు వేళ్ల ఎడం. అది తగిలిందంటే ముప్పై ఐదేండ్ల పులి మేకుకు పోతాది, మా ఆయప్ప సచ్చేదాకా తాడోడుగానే ఉంటాడు.

నేను ఎప్పుడు దూకినానో నాకే తెల్దు. ఆడోళ్లు అటు పక్క పోగూడదని ఒక కట్టుబాటు ఉండాదంట, అది గూడ తర్వాతే గుర్తొచ్చె. యాసర్ను భుజంతో ఒక్క తోపు తోసి తాడు అందుకోని మడమలు దిగేసినాను. అరిసేతులు సుర్రుమన్నాయి. పదేండ్ల వయసప్పట్నుంచి మగ్గం మీద పడుగు సూసినదాన్ని నేను. బిగిస్తే పోగు తెగుతాది, వదిలితే సిక్కు పడతాది, ఆ రెండిటి మధ్యన ఎంతో చేతికే తెలుస్తాది. ఆయప్ప ఊపిరి ఇన్నాను. వదిలినప్పుడు జానెడు వదిలినాను. పట్టినప్పుడు ఆపినాను. అప్పుడు తెలిసె నాకు, పులి ఎంత బరువో. ఇన్నేండ్లు ఈ బరువు మోసి వచ్చి, కంచం ముందర కూసోని ఏంల్యా అన్నాడు నా మొగుడు.

పండ్ల మధ్యన నిమ్మకాయ పడె. లాగినాను. లేసి నిలబడె.

ఎమ్మిగనూరు అదిరిపాయె. తప్పెట్లు, ఈలలు, ఒకటే కేకలు. "ఇమాం సాబ్ పులి! ఇమాం సాబ్ పులి!" అని. వంగింది ఉరుకుందు, పట్టింది ఉచ్చీరమ్మ, పేరు కుర్చీలో కూసున్నాయప్పకు. జనం జనమే గద.

ముజావర్ వచ్చి మా ఆయప్ప మెడలో దండ ఏసినాడు. షర్బత్ గ్లాసులొచ్చినాయి. జనం మా ఆయప్ప సుట్టూ మూగినారు. ఇన్నేండ్లకు మొదటిసారి షర్బత్ ముందర ఆయప్పకిచ్చినారు. ఎమ్మిగనూరు పెద్దమనిషి ఒకాయన అడిగినాడు, "అది సరే గాని, తాడు పట్టిందెవురప్పా? ఆడమనిషి మాదిరి కనపడె?"

మా ఆయప్ప మూతి తుడుసుకునె. రొమ్ము ఇరుసుకునె. నగి, "తాడుదేముందప్పా, ఎవురైనా..." అన్నాడు.

నేను రెండడుగుల దూరంలో తాడు సుట్టుకుంటాండాను. అరిసేతులు కమిలి తాడు మీద నెత్తుటి సార పడిండాది. ఆ మాట ఇని నా చేయి ఆగిపాయె. ఓరి నాయనా, రంగు పూసుకోని ఒక్క పూట కాలా! తాడు కోసిందాని కంటే ఎక్కువ నొప్పి పుట్టె. ఆయప్పకు సంగటి ముద్ద ఎందుకు దిగేది కాదో ఇప్పుడు నాకు తెలిసె.

కుర్చీలోంచి ఇమామన్న గొంతు వచ్చె. గట్టిగా గూడ అన్లా.

"ఆ మాట నాదప్పా ఉరుకుందూ. తోకతో పాటు దాన్ని గూడ తీసుకుంటివా?"

ఇమామన్న కుర్చీ చేతులు పట్టుకోని, కష్టం మీద లేసి నిలబడినాడు. "అందరూ ఇనండి. ఆరేండ్లు నిమ్మకాయ తీసింది నేను కాదు. నా నడుము సచ్చి ఆరేండ్లాయె. ఈ ఉరుకుందు తాడు మీద ఏలాడినాను. తెలిసీ ఎవురైనా పట్టుకుంటారన్నాను. అది నా తప్పు" అని, రెండు చేతులూ జోడించినాడు. పులి అట్ల జోడించి నిలబడితే సూడబుద్ధి కాలా నాకు. యాసర్ ఫోను జేబులో పెట్టుకునె.

మా ఆయప్ప జనాన్ని తోసుకోని నా కాడికొచ్చినాడు. నా చేతులు తిప్పి సూసినాడు. పసుప్పచ్చ రంగు మీద కండ్లనీళ్లు కారి సారలు కలిసిపోతాండాయి. నేను నేర్పిన పులి ముఖమంతా పాడు సేసుకోని, నడుము పట్టీలో దోపుకున్న ఆ నిమ్మకాయ తీసి నా అరిసేతిలో పెట్టినాడు, మహాదేవి వదినె సూస్తాండగానే. ఇంట్లో ఉంటే మేలు జరుగుతాదని ఏడేడు ఊర్ల ఆడోళ్లు ఆశపడే నిమ్మకాయ అది. పచ్చి గాయం మీద పులుపు తగిలి నాకు ప్రాణం పోయినంత పనాయె.

"ఎవురైనా కాదు, నా పెండ్లాం పట్టింది. ఉచ్చీరమ్మ" అన్నాడు, ఊరంతా ఇనేటట్ల.

సావిడి మైకు పట్టుకున్న పిల్లోడు చెవి ఇటే పెట్టిండె. వెంటనే అందుకునె. "ఈ ఏడు నిమ్మకాయ తీసినది, మన ఇమాం సాబ్ పులి! తాడు పట్టినది, ఉచ్చీరమ్మ! ఉచ్చీరమ్మ!"

ఉరుకుందు అనే మాట అందులో యాడా లేదు. ఇమామన్న అంత సెప్పినా లేదు.

ఆదోని బస్సులో ఆయప్ప కిటికీ పక్కన కూసున్నాడు, సెవుల ఎనక రంగు అట్లే ఉండాది. కండక్టరు సీటుకు రంగంటుతాదని గొణుగుతాండాడు. నేనే ఉండబట్టలేక, "నీ పేరు మళ్లా మర్సిపోయిరే" అన్నాను.

"పోనీలేవే. తాడుకు ఒక పేరుండాదని సెప్పినారు గద మైకులో. నాకు అది సాలు" అని నా చేతులు తీసుకోని తన ఒళ్లో పెట్టుకునె. ఇంటికొచ్చినాక ఈసారి వెన్న ఆయప్ప పూసినాడు.